గుమ్మంలో పట్టని ఉండ

అనగనగా ఒక అడవి. ఆ అడవిలో పులి ఉంది, నక్క ఉంది, కుందేలు ఉంది. వాటి కథలు మీకు అందరూ చెప్పే ఉంటారు. నేను చెప్పను. నేను పేడపురుగు కథ చెబుతాను. ముక్కు మూసుకునేవాళ్ళు మూసుకోండి. చెవులు మాత్రం తెరిచి ఉంచండి.

ఆ అడవిలో ఒక వాగు ఉంది. వాగు పక్కన ఏనుగులు నడిచే దారి. దారి పక్కన ఇసుక కలిసిన మెత్తటి నేల. ఆ నేలలో పేడపురుగుల ఊరు.

పేడపురుగుల బతుకు గురించి ముందు కొంచెం చెప్పాలి. లేకపోతే కథలో ఎవరు ఎందుకు కంగారు పడుతున్నారో మీకు తెలియదు.

ఆ ఊళ్ళో ఆడపురుగు నేల తవ్వి ఇల్లు కడుతుంది. మగపురుగు ఏనుగు లద్దె తెచ్చి ఉండ చేస్తాడు. ఆ ఉండని దొర్లించుకుంటూ ఇంటికి తెస్తాడు. ఉండ ఇంట్లోకి చేరాక ఆడపురుగు అందులో గుడ్డు పెడుతుంది. పుట్టిన పిల్లకి ఆ ఉండే ఊయల, ఆ ఉండే అన్నం. లోపలినుంచి తింటూ తింటూ పెద్దదై బయటికి వస్తుంది. మీలాగా ఊయల వేరు, అన్నం వేరు, అన్నం దగ్గర పేచీ వేరు, అలా ఉండదు.

అయితే ఒక చిక్కుంది. ఉండ బయట ఉంటే ఎండకి రాయి అవుతుంది. వానకి నీరవుతుంది. మెత్తగా ఉండగానే ఇంట్లోకి చేరాలి. గుడ్డు పెట్టే వేళ వచ్చిందంటే అది ఉండ కోసం ఆగదు.

అందుకని ఆ ఊళ్ళో ఒక ఆచారం ఉంది. మగపురుగు పనికి బయలుదేరే ముందు తన ఇంటి గుమ్మం దగ్గర నిలబడతాడు. ముందు కాళ్ళు రెండూ చాపి, గుమ్మం ఎంత వెడల్పుందో కొలుచుకుంటాడు. ఆ కాళ్ళు అలాగే చాచి ఉంచుకుని దారంతా నడుస్తాడు. ఆరు కాళ్ళున్నాయి కాబట్టి నాలుగింటితో నడుస్తాడు, రెండింటితో కొలత మోస్తాడు. లద్దె దగ్గరికి వెళ్ళి, ఆ కొలతకి సరిపడా ఉండ చేస్తాడు.

కొలత మోస్తున్నవాణ్ణి ఎవరూ పలకరించరు. పలకరిస్తే వాడు చెయ్యెత్తాలి. చెయ్యెత్తితే కొలత పోతుంది. కొలత పోతే మళ్ళీ ఇంటికి వెళ్ళి తెచ్చుకోవాలి. అలా తిరిగొచ్చినవాణ్ణి చూసి ఎవరూ నవ్వకూడదని ఊరి కట్టుబాటు. నవ్వేవాళ్ళే అనుకోండి. ఇంట్లోకి వెళ్ళి నవ్వేవాళ్ళు.

ఆ ఊళ్ళో పోలయ్య అని ఒక పేడపురుగు ఉండేవాడు. ఉండ చెయ్యడంలో వాడి తరవాతే ఎవరైనా. ఎక్కడా సొట్ట ఉండదు, బీట ఉండదు. ఉండ చేసి, చుట్టూ తిరిగి, వెనక కాలితో ఒకసారి తట్టి, తల పక్కకి వంచి చూసుకునేవాడు. ఆ చూసుకోవడంలో వాడికి కడుపు నిండేది.

వాడి భార్య పేరు నూకాలు. తవ్వడంలో ఆవిడ తరవాతే ఎవరైనా. వాన నీరు నేరుగా లోపలికి రాకుండా దారిని మెలికలు తిప్పి తవ్వేది. ఆవిడ తవ్విన గది గోడని ముట్టుకుంటే చిటికెడు మట్టి కూడా రాలేది కాదు.

ఒకరోజు పొద్దున్నే పోలయ్య గుమ్మం కొలుచుకుంటున్నాడు. నూకాలు పక్కన నిలబడి చూస్తోంది.

"ఏమయ్యా, కొలత సరిగ్గా తీసుకున్నావా?" అని అడిగింది.

"తీసుకున్నాను."

"నిరుడు కూడా తీసుకున్నానన్నావు. ఉండ గుమ్మంలో ఇరుక్కుంటే మా అన్న వచ్చి తన్నాల్సి వచ్చింది."

"మీ అన్న తన్నింది ఉండని కాదే. నన్ను."

"ఇద్దరూ ఒకే చోట ఇరుక్కున్నారు. వాడికి తేడా తెలియలేదు." నూకాలు ఆకాశం వైపు చూసింది. "మబ్బు పడుతోంది. ఈ పొద్దే గుడ్డు పెట్టేలా ఉన్నాను. పొద్దు వాలేలోగా ఉండతో వచ్చెయ్. ఉండ లేకపోతే పిల్లకి ఊయలా లేదు, తిండీ లేదు."

"పొద్దు వాలేదాకా ఎందుకు, మధ్యాహ్నానికే వస్తాను" అని పోలయ్య కాళ్ళు చాపుకుని బయలుదేరాడు.

దారిలో ఎదురైన పురుగులన్నీ మొహం పక్కకి తిప్పుకుని పక్కకి తప్పుకున్నాయి. అది మర్యాద. ఆ మర్యాద తెలియని వాళ్ళు అడవిలో చాలామంది ఉన్నారు. వాళ్ళలో గౌరమ్మ ఒకతి.

గౌరమ్మ అంటే ఏనుగుల మందకి పెద్ద. ముసలి ఏనుగు. ఆవిడ చెవి ఊపితే పక్కనున్న పొదలు వంగేవి. ఆ పొద్దున ఆవిడ దారి మధ్యలో నిలబడి వెదురు నములుతోంది. కిందకి చూసేసరికి, ఎవరో చిన్నవాడు చేతులు బార్లా చాపుకుని తన వైపే వస్తున్నాడు.

"ఏం నాయనా, నన్ను కౌగిలించుకోవడానికి వస్తున్నావా?" అంది గౌరమ్మ.

పోలయ్య బిక్కచచ్చిపోయాడు. వాడు పుట్టి బుద్ధెరిగాక ఏనుగు తనతో మాట్లాడటం అదే మొదలు. వాళ్ళ నాన్నతో కూడా ఏనుగు మాట్లాడలేదు. తొక్కబోయి తప్పించిందంతే. పోలయ్య గబుక్కున రెండు చేతులూ ఎత్తి దణ్ణం పెట్టాడు.

పెట్టాక చేతుల వైపు చూసుకున్నాడు. కొలత పోయింది.

ఇప్పుడు ఏం చెయ్యాలి? ఇంటికి వెళ్ళి మళ్ళీ కొలుచుకుని రావాలి. ఇల్లు పెద్ద దూరమేమీ కాదు. కానీ ఏనుగుల పెద్ద చూస్తోంది. ఆవిడ చూస్తుండగా వెనక్కి తిరిగి ఇంటికి పరిగెత్తడమా? ఆవిడేమనుకుంటుంది?

"గుమ్మం నాకు తెలియనిదా. రోజూ దూరేదే కదా" అనుకున్నాడు పోలయ్య. ఒక అంచనా వేసుకున్నాడు. అంచనా ఎప్పుడూ మన మనసుకి నచ్చిన వైపే మొగ్గుతుంది. వాడి అంచనా పెద్ద వైపు మొగ్గింది.

లద్దె దగ్గరికి వెళ్ళి ఉండ చెయ్యడం మొదలుపెట్టాడు. గౌరమ్మ వెదురు నమలడం ఆపి చూస్తూ నిలబడింది. ఉండ గుండ్రంగా, నున్నగా తయారైంది.

"ఔరా" అంది గౌరమ్మ. "ఇది మాదేనా?"

"మీ దయేనమ్మా. నా పేరు పోలయ్య" అన్నాడు.

"ఇన్నేళ్ళూ తిన్నాను, వదిలాను, ముందుకి పోయాను. ఒక్కసారైనా వెనక్కి తిరిగి చూసుకోలేదు. ఇందులో ఇంత అందం ఉందని ఎవరూ చెప్పలేదు. ఇంకా పెద్దది చెయ్యగలవా?"

"చెయ్యగలనమ్మా. కానీ మా ఇంటి..."

"చెయ్యి. ఇంత పెద్దది చెయ్యి, నేను వంగకుండా చూసేలా ఉండాలి. సాయంత్రం మా మందనంతా తీసుకొచ్చి చూపిస్తాను. నువ్వు ఉత్త పోలయ్యవి కావు. పెద్ద ఉండల పోలయ్యవి."

ఈ మాట అని గౌరమ్మ వాగు వైపు వెళ్ళిపోయింది. పోలయ్య అక్కడే నిలబడి ఆ పేరుని నోట్లో చప్పరించాడు. పెద్ద ఉండల పోలయ్య. బాగుంది. ఇంటి మాట సగంలో ఆగిపోయిన సంగతి వాడికి గుర్తులేదు.

ఇంకో పొర వేశాడు. దాని మీద ఇంకోటి వేశాడు.

మధ్యాహ్నం దాటాక అటుగా ఒక గండుచీమ వచ్చింది. ఆ దారిలో రోజంతా అటూ ఇటూ తిరిగేది ఆ చీమే కాబట్టి, ఎవరి కబురైనా అదే మోసేది.

"పోలయ్య బావా, నూకాలక్క రమ్మంటోంది" అంది చీమ.

"వస్తున్నాను. ఒక్క పొర వేసి వస్తానని చెప్పు."

"ఒక్కటేనా?"

"ఒక్కటే."

చీమ వెళ్ళింది. ఆ వెంటనే గోరింక వచ్చి కొమ్మ మీద వాలింది. గోరింక పని ఏమిటంటే, ఇక్కడి మాట అక్కడ, అక్కడి మాట ఇక్కడ చెప్పడం. మధ్యలో కొంచెం తనదీ కలుపుతుంది.

"గౌరమ్మగారు అడవంతా చెబుతున్నారు నీ గురించి" అంది గోరింక. "నెమలి అడిగింది, ముళ్ళపంది అడిగింది. బాగుంది, బాగుంది. కానీ వాగు అవతల ఒకడు ఇంతకంటే పెద్దది చేశాడని విన్నాను."

పోలయ్య కాళ్ళు ఆగిపోయాయి. "ఎవడు వాడు?"

"పేరు తెలియదు."

"నువ్వు చూశావా?"

"చూసి ఉంటే వచ్చి చెప్పేదాన్ని కాదు. దాన్ని చూస్తూ అక్కడే ఉండేదాన్ని."

ఇక పోలయ్యకి నిలకడ లేదు. ఊరికి గోరింక చేత కబురు పంపాడు. ఏనుగుల పెద్ద మెచ్చిన పని అనేసరికి ఊళ్ళో కుర్ర పురుగులు తమ పనులు వదిలేసి వచ్చాయి. ఒకడు లద్దె తెచ్చాడు, ఒకడు అద్దాడు, ఒకడు నునుపు చేశాడు. ఉండ పెరిగింది. పొదంత అయింది.

"పెద్దాయనా, మీరు పైకెక్కి కూర్చోండి. ఎక్కడ సొట్ట ఉందో చెబితే చాలు" అన్నారు కుర్రాళ్ళు.

పోలయ్య పైకెక్కి కూర్చున్నాడు. పైనుంచి చూస్తే వాగు కనబడింది, ఏనుగులు కనబడ్డాయి. "కుడి పక్కకి. ఎడమ పక్కకి. అక్కడ పలచగా ఉంది" అని చెప్పడమే పని. కాసేపు బాగానే ఉంది. తరవాత వాడి కాళ్ళు జివజివలాడటం మొదలుపెట్టాయి. ఇన్నేళ్ళూ లద్దె తొక్కి, తట్టి, దిద్దిన కాళ్ళు. ఊరికే కూర్చోవడం వాటికి తెలియదు. ఉండబట్టలేక కిందకి దిగి ఒక చోట తట్టబోయాడు.

"అయ్యయ్యో, మీరెందుకు? మేం లేమా?" అని నలుగురు వచ్చి వాణ్ణి మళ్ళీ పైకెక్కించారు.

ఉండ తనదే. పేరు తనదే. దాని మీద తన కాలు పడి చాలాసేపైంది. ఆ సంగతి వాడికి ఎందుకో నచ్చలేదు. కానీ పైన కూర్చున్నవాడు అలాంటివి చెప్పుకోలేడు కదా.

అప్పుడు గండుచీమ మళ్ళీ వచ్చింది. తల పైకెత్తి చూసింది.

"బావా, అక్కడున్నావా? నూకాలక్క మళ్ళీ రమ్మంటోంది. నొప్పులు మొదలయ్యాయంట."

కింద కుర్రాళ్ళందరూ వింటున్నారు. పోలయ్య గొంతు సవరించుకున్నాడు. "పెద్దవాళ్ళ పనిలో ఉన్నాను. ఇలా మాటిమాటికీ కబురు పంపితే బాగుండదని చెప్పు."

"అలాగే చెప్పనా, కాస్త మెత్తగా చెప్పనా?"

"అలాగే చెప్పు."

"నీ ఇష్టం. నేను మోసేదాన్ని. మోసింది దించి వచ్చేస్తాను. అక్కడ నిలబడను" అని చీమ వెళ్ళిపోయింది.

మబ్బు నల్లబడింది. గాలి చల్లబడింది. చీమ మూడోసారి వచ్చింది.

"ఏమంది?" అన్నాడు పోలయ్య.

"ఏమీ అనలేదు."

"మరెందుకొచ్చావు?"

"ఏమీ అనలేదని చెప్పడానికే వచ్చాను. నేను వెళ్ళేసరికి గదిలో నేల ఊడుస్తోంది. ఊడ్చిన చోటే మళ్ళీ ఊడుస్తోంది. నీ మాట చెప్పాను. విని, మళ్ళీ అదే చోట ఊడ్చింది."

పోలయ్యకి నూకాలు సంగతి తెలుసు. అరిచిందంటే ఫర్వాలేదు. తిట్టిందంటే ఇంకా ఫర్వాలేదు. ఊడ్చిన చోటే ఊడుస్తోందంటే మాత్రం పరిస్థితి బాగాలేదని లెక్క.

"పదండిరా, ఇంటికి" అన్నాడు పోలయ్య.

ఇప్పుడు పేడపురుగులు ఉండని ఎలా తోస్తాయో చెప్పాలి. తలకిందులుగా నిలబడి, ముందు కాళ్ళు నేలమీద ఆనించి, వెనక కాళ్ళతో తోస్తాయి. అంటే ఎటు పోతున్నాయో వాటికి కనబడదు. ఎక్కణ్ణించి వచ్చాయో అదే కనబడుతుంది. కుర్రాళ్ళందరూ అలాగే తోస్తున్నారు. పైన కూర్చున్న పోలయ్య అయినా ముందుకి చూడాలి కదా? చూడలేదు. అటుగా పోతున్న నెమలికి చెయ్యి ఊపుతూ వెనక్కి తిరిగి కూర్చున్నాడు.

ఉండ దొర్లుకుంటూ దొర్లుకుంటూ ఊళ్ళోకి వచ్చింది. ఒక్కసారి ధబ్‌మని ఆగింది. ఎంత తోసినా కదల్లేదు.

"వచ్చేశాం పెద్దాయనా" అన్నారు కుర్రాళ్ళు.

"ఎక్కడికి?"

"మీ ఇంటికే. మీ గుమ్మం మీదే ఉంది."

నిజంగానే ఉండ గుమ్మం మీద ఉంది. ఎంతలా ఉందంటే, గుమ్మం ఎక్కడుందో తెలియడం లేదు. సీసా మీద బిరడా పెట్టినట్టు మూసుకుపోయింది. నూకాలు లోపల ఉంది.

ఉరుము ఉరిమింది. కుర్రాళ్ళు ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. "పెద్దాయనా, మా ఇళ్ళలో కూడా గుడ్ల వేళే. మేం పొద్దున్నించీ ఒక్క ఉండా చేసుకోలేదు" అని తలో దిక్కుకీ పరిగెత్తారు.

పోలయ్య ఒక్కడే మిగిలాడు. కిందకి దిగి తోశాడు. కదల్లేదు. లోపలినుంచి, ఎక్కడో దూరం నుంచి వచ్చినట్టు ఒక గొంతు వినబడింది.

"ఎవరది, నా గుమ్మం మూసింది?"

"నేనే."

"నేనే అంటే?"

"పెద్ద ఉండల పోలయ్యని."

లోపలినుంచి నూకాలు అంది, "ఆ పేరుగలవాళ్ళు మా ఇంట్లో లేరు. ఇల్లు తప్పి వచ్చారేమో, పక్కింట్లో అడగండి."

"నూకాలూ, వేళాకోళం కాదు. ఉండ గుమ్మంలో పట్టడం లేదు."

"అది నాకు లోపలినుంచి బాగానే తెలుస్తోంది. ఇక్కడ చీకటి. గాలి కూడా సరిగ్గా ఆడటం లేదు. కొలత ఏమైంది?"

"గౌరమ్మగారు పలకరించారు. దణ్ణం పెట్టాను."

"పెట్టాక ఇంటికి రావచ్చుగా?"

పోలయ్య మాట మార్చాడు. "లోపలినుంచి గుమ్మం కొంచెం వెడల్పు చెయ్యి. నువ్వు తవ్వితే ఎంతసేపు?"

"ఎంత వెడల్పు?"

పోలయ్య ఉండ వైపు చూశాడు. "కొంచెం ఎక్కువే."

"అంత గుమ్మం తవ్వితే నీ ఉండ వస్తుంది. దాని వెనకే వాన నీరంతా వస్తుంది. దాని వెనకే పైకప్పు వస్తుంది. నీ ఉండకి తగినట్టు ఇల్లు కట్టుకుంటే అది వాగు అవుతుంది కానీ ఇల్లు కాదు. తవ్వను." నూకాలు గొంతు కొంచెం తగ్గింది. "ఏమయ్యా, నేను గుడ్డు ఇప్పుడే పెట్టాలి. ఆగేలా లేదు. వట్టి నేల మీద పెట్టమంటావా? పుట్టినవాడు మట్టి తింటాడా?"

అప్పుడే గోరింక ఎగురుకుంటూ వచ్చింది. "పోలయ్యా, గౌరమ్మగారు మందతో బయలుదేరారు. ఉండని ముట్టుకోకు. అలాగే ఉంచు. ఈ పొద్దు నీ పేరు అడవిలో నిలిచిపోతుంది."

"కొంచెం కిందకి దిగి తోసిపెట్టు" అన్నాడు పోలయ్య.

"నాకు చూడటమే వచ్చు" అని గోరింక కొమ్మ మీద సర్దుకుని కూర్చుంది.

పోలయ్య ఉండ చుట్టూ తిరిగాడు. అడవిలో ఇంత పెద్ద ఉండ ఇంతకుముందు ఎవడూ చెయ్యలేదు. మళ్ళీ ఎవడూ చెయ్యడు. పగలగొడితే ఇంతే సంగతులు. "నూకాలూ, గౌరమ్మగారు ఒక్కసారి వచ్చి చూసి వెళ్ళాక పగలగొడితే? దగ్గర్లోనే ఉన్నారంట."

"వాన కూడా ఆవిడ చూసి వెళ్ళాకే వస్తానందా?" అంది నూకాలు. ఆ తరవాత ఒక చిన్న మూలుగు వినబడింది.

ఆ మూలుగు విన్నాక పోలయ్య ఇంకేమీ ఆలోచించలేదు. ఉండ మీదకి ఎగబాకి, తలతో ఒక్క పోటు పొడిచాడు.

పైన ఎండకి గట్టిపడిపోయింది. రెండో పోటు పొడిచాడు. పెచ్చు లేచింది. "ఏం చేస్తున్నావయ్యా, ఏం చేస్తున్నావు?" అని గోరింక కొమ్మ మీద గెంతింది. పోలయ్య వినలేదు. పెచ్చులు ఊడదీశాడు, కాళ్ళతో వెనక్కి తన్నాడు, లోపలికి దూరాడు. లోపల ఇంకా మెత్తగా ఉంది. పొద్దున్నించీ జివజివలాడిన కాళ్ళకి అప్పుడు ప్రాణం వచ్చింది. తవ్వుకుంటూ తవ్వుకుంటూ కిందకి పోయాడు.

కాసేపటికి వాడి తల దేనికో ఠప్‌మని కొట్టుకుంది.

"ఎవరది?" అంది నూకాలు. ఆవిడ కిందినుంచి తవ్వుకుంటూ పైకి వచ్చింది.

"పోలయ్యని."

"ఏ పోలయ్య?"

"ఉత్త పోలయ్యని."

"అయితే లోపలికి రా. కాళ్ళు తుడుచుకో."

పోలయ్య కాళ్ళు తుడుచుకుని గదిలోకి దిగాడు. గది మధ్యలో ఏదో ఉంది. నూకాలు పెద్ద ఉండ అడుగునుంచి మెత్తటి లద్దె లాక్కొచ్చి, తనే ఒక ఉండ చెయ్యబోయింది. అది గుమ్మడికాయ మీద ఎవరో కూర్చుని లేచినట్టుంది. పోలయ్యకి నవ్వు ఆగలేదు.

"నవ్వకు" అంది నూకాలు. "నాకు గుండ్రం చేతకాదు. నువ్వు తవ్విన గోడ ఎలా ఉంటుందో నాకూ తెలుసు. ఊరంతా చెప్పమంటావా?"

"వద్దు" అని పోలయ్య పనిలోకి దిగాడు. అక్కడ అద్దాడు, ఇక్కడ దిద్దాడు, వెనక కాలితో తట్టాడు. గదికి సరిపోయే చిన్న ఉండ. ఎవరూ "పెద్దాయనా" అనలేదు. ఎవరూ పైకెక్కించలేదు. చుట్టూ తిరిగి, తల పక్కకి వంచి చూసుకున్నాడు. నూకాలు ఉండకి చిన్న గుంట పెట్టి అందులో గుడ్డు పెట్టింది. గుంట మూసింది. అప్పటికి పైన చినుకులు మొదలయ్యాయి.

చినుకులతో పాటు గౌరమ్మ కూడా వచ్చింది. మంద వెనకే వచ్చింది. గుమ్మం మీద పెచ్చులూడిన డొల్ల ఒకటి మిగిలింది. దాని నడిమిన బొక్క.

"ఇదేనా?" అంది గౌరమ్మ.

"ఇందాక చూడాల్సింది" అంది గోరింక.

"పోలయ్యా, ఓ పెద్ద ఉండల పోలయ్యా" అని గౌరమ్మ పిలిచింది. లోపల గది కదిలింది.

నూకాలు మొగుడి వైపు చూసింది. "పిలుస్తున్నారు. వెళ్తావా?"

"ఇటు పక్క ఇంకా నునుపు కుదరలేదు" అన్నాడు పోలయ్య. వంగి దిద్దుకుంటూ ఉండిపోయాడు.

గౌరమ్మ కాసేపు చూసింది. వాన పెద్దదైంది. డొల్ల కరిగి కారడం మొదలైంది. "ఊరికే ఇంత దూరం నడిచాం" అని గొణుక్కుని, అలవాటు ప్రకారం అక్కడే తన పని కానిచ్చి, ముందుకి వెళ్ళిపోయింది. ఈసారి కూడా వెనక్కి తిరిగి చూసుకోలేదు. నూకాలు లోపలినుంచి గుమ్మాన్ని మన్నుతో మూసింది.

కథ ఇక్కడితో అయిపోయిందని లేవకండి. అయిపోలేదు. పోలయ్యకి తిక్క ఇంకా తీరలేదు. ఒక తిక్క పోతే ఇంకో తిక్క పట్టింది.

మర్నాడు వాన వెలిసింది. పోలయ్య లేచి, "ఇక నేను బయటికి పోను" అన్నాడు.

"ఎప్పటిదాకా?" అంది నూకాలు.

"ఎప్పటికీ. పనీ వద్దు, పేరూ వద్దు. ఇంట్లోనే ఉంటాను, నీ పక్కనే."

నూకాలు మొదట సంతోషించింది. ఆ సంతోషం పూట కూడా నిలవలేదు. పోలయ్య ఈ గదిలో మట్టి ఆ గదిలోకి తోశాడు. అక్కడ బాగాలేదని మళ్ళీ ఈ గదిలోకి తోశాడు. నూకాలు తవ్విన గోడకి వంక పెట్టి, సరిచేస్తానని కొంత రాల్చాడు. ఏమీ తోచనప్పుడల్లా ఉండ దగ్గరికి వెళ్ళి కొంచెం దొర్లించి నునుపు చేశాడు.

"ఆగవయ్యా" అంది నూకాలు. "గుడ్డుకి కళ్ళు తిరుగుతాయి."

"ఏదో ఒకటి చెయ్యాలి కదా."

"నిన్న గుమ్మానికి నీ ఉండ అడ్డం. ఇవాళ నువ్వే అడ్డం. ఉండనైతే పగలగొట్టాం. నిన్నేం చెయ్యమంటావు?"

"నీకోసమే కదా ఉన్నాను" అన్నాడు పోలయ్య, మొహం చిన్నబుచ్చుకుని.

"నాకోసం ఉంటే కనబడేంత ఉండు. ఎటు తిరిగినా తగిలేంత ఉండకు. నాకు ఇంకో గది తవ్వుకునే పని ఉంది. ఇంకో గుడ్డు ఉంది. దానికి ఇంకో ఉండ కావాలి. నీ కాళ్ళు చూసుకో, పొద్దున్నించీ నేల తడుతూనే ఉన్నాయి. వాటికి ఇల్లు చాలదు. వెళ్ళు. పని ఉన్నంతసేపు పని చెయ్యి. అది కాగానే రా."

పోలయ్య కాళ్ళ వైపు చూసుకున్నాడు. నిజంగానే తడుతున్నాయి. గుమ్మం మన్ను తీసి బయటికి వచ్చాడు. ఎదురుగా గౌరమ్మ నిన్న వదిలి వెళ్ళిన లద్దె కుప్ప, వానకి పైపైన కరిగినా, ఇంకా ఉంది. దాని చుట్టూ నిన్నటి కుర్రాళ్ళు నిలబడి ఉన్నారు. అందరి మొహాలూ వేలాడుతున్నాయి. నిన్న వాళ్ళు తమ పని మానుకుని పోలయ్య ఉండ తోశారు కదా. ఇప్పుడు ఇళ్ళ దగ్గర మాట పడుతున్నారు. కంగారులో చేస్తున్న ఉండలు సొట్టలు పోతున్నాయి.

"పెద్దాయనా, మీరు పైన కూర్చుని చెబితే..." అని ఒకడు మొదలుపెట్టాడు.

"పైనెక్కడా కూర్చోను" అన్నాడు పోలయ్య. "జరగండిరా." వాళ్ళ మధ్యలోకి వెళ్ళి, ఒక్కొక్కడి ఉండా పట్టి సొట్ట తీశాడు. ఎలా అద్దాలో, ఎక్కడ తట్టాలో చూపించాడు. ఆ తరవాత తన ఉండ చేసుకున్నాడు.

అటుగా వెళుతున్న గౌరమ్మ ఆగింది. నిన్నటి కోపం ఆవిడకి లేదు. ఏనుగులకి కోపాలు గుర్తుంటాయంటారు కానీ, ఆవిడ అంతకంటే పెద్ద విషయాలు గుర్తుపెట్టుకునేది. "నాయనా, మా మంద వెంట వచ్చెయ్. అడవిలో ఉండలన్నిటికీ నిన్నే పెద్దని చేస్తాను. పెద్దవే చేద్దువుగాని."

"అమ్మా, మీరు మెచ్చారు, అది చాలు. మంద వెంట వస్తే మా ఇల్లు వెనకపడిపోతుంది. ఇక్కడైతే మా వాళ్ళకి కూడా నేర్పించుకుంటాను. పొద్దు వాలితే ఇంటికి పోతాను."

"ఇక్కడుంటే పెద్దవి రావు కదా?"

"రావమ్మా. ఇళ్ళలోకి పోయేవి వస్తాయి."

గౌరమ్మకి ఆ మాట అర్థమైందో లేదో తెలియదు. ఆవిడకి ఇల్లు లేదు, గుమ్మం లేదు. అడవంతా ఆవిడదే. చెవులు ఊపుకుంటూ వెళ్ళిపోయింది.

పొద్దు వాలే వేళకి పోలయ్య ఉండ దొర్లించుకుంటూ ఇంటికి వచ్చాడు. ఉండ గుమ్మంలోంచి సాఫీగా లోపలికి వెళ్ళింది. లోపల నూకాలు కొత్త గది తవ్వడం ముగించి, కాళ్ళు చాపుకుని కూర్చుంది.

"ఇవాళ ఏమైందంటే" అని పోలయ్య మొదలుపెట్టాడు.

"ముందు నా మాట విను, కొత్త గదికి మెలిక ఎలా తిప్పానంటే" అని నూకాలు మొదలుపెట్టింది.

ఇద్దరూ ఆగలేదు. ఒకేసారి చెప్పుకుపోయారు. ఎవరి మాట ఎవరు విన్నారో తెలియదు. ఇద్దరికీ ఆకలి వేసేదాకా చెబుతూనే ఉన్నారు.

నీతి: మనం పెంచుకునే పని మన ఇంటి గుమ్మంలో పట్టేలా ఉండాలి. అలాగని పని మానుకుని గుమ్మంలో మనమే అడ్డంగా కూర్చోకూడదు.